చక్రాలు చివర్లో వచ్చేవి

ఇంటర్నెట్‌లో జపాన్ కారు ఫొటో పైనుంచి కిందికి చారలు చారలుగా దిగేది. ముందు ఆకాశం, ఆ తర్వాత టాపు, ముందద్దం, బానెట్. 56కే మోడెం అని పేరేగానీ సెకనుకు నాలుగైదు కిలోబైట్లు వస్తే ఆ పూట అదృష్టం బాగున్నట్టే. నూటయాభై కిలోబైట్ల ఫొటో పూర్తిగా రావడానికి అర నిమిషం పైనే పట్టేది. బండి ఏదో బానెట్ దగ్గరే తెలిసిపోయేది. దానికి ఏమేం చేశారో తెలియాలంటే మాత్రం చక్రాలు కనపడాలి. అవేమో అన్నిటికంటే చివర్లో వచ్చేవి. సరిగ్గా హెడ్‌లైట్ల దగ్గర లైను తెగిపోయి అక్కడే ఆగిపోయిన ఫొటోలు ఎన్నో. వచ్చినవాటిని ఫ్లాపీలో వేసుకుంటే ఒక్కోదాంట్లో తొమ్మిది పట్టేవి. పదోది కావాలంటే ఒకటి చెరపాలి. ఏది చెరపాలన్నది పెద్ద తగువు.

2000 ప్రాంతంలో తెలుగు ఊళ్లలో జపాన్ కార్ల పిచ్చి ఉన్నవాళ్లకి బండి అంటే ఫొటోనే. నిస్సాన్ స్కైలైన్, టొయోటా సుప్రా, మజ్దా ఆర్ఎక్స్-7 ఇక్కడ అమ్మలేదు. బయటినుంచి తెచ్చుకుందామన్నా, తయారై మూడేళ్లు దాటిన పాత కారుని మామూలుగా దిగుమతికి ఒప్పుకోరు. కళ్లతో దగ్గరగా చూడగలిగింది 1998లో వచ్చిన మిత్సుబిషి లాన్సర్‌ని. చెన్నై పక్కన తిరువళ్లూరులో హిందుస్థాన్ మోటార్స్ తయారుచేసిన ఆ కారుదీ, లాన్సర్ ఎవల్యూషన్ 4, 5, 6లదీ ఒకే తరం బాడీ. బానెట్ కింద మాత్రం 1.5 పెట్రోలో, 2.0 డీజిలో. ఇక వీటెక్ (ఆర్‌పీఎమ్ పెరిగితే వాల్వులు మరింతగా తెరుచుకునే హోండా పద్ధతి) అన్న మాట చెవిన పడింది హోండా సిటీ 1.5 పుణ్యాన. మిగతాదంతా ఫొటోల్లోనే. అందుకే వాటిని అక్షరం అక్షరం చదివేవాళ్లు. ఆ చదువు ఇప్పటికీ పనికొస్తుంది కాబట్టి గుర్తున్నంత మేరకు ఇక్కడ పెడుతున్నాను.

మొదట ఫొటో వయసు. తొంభైల నాటి జపాన్ ఫొటోల్లో చాలా వరకు వాడి పారేసే కెమెరాతో తీసినవి. ఫుజీ వాళ్లు 1986లో తెచ్చిన ఆ అట్టపెట్టె కెమెరా వంశం ఇప్పటికీ ఉంది. 400 ఐఎస్ఓ ఫిల్ము, 27 ఫొటోలు, 32 మి.మీ. లెన్సు, ఎఫ్10 దగ్గర బిగించేసిన రంధ్రం, సెకనులో 140వ వంతు షట్టర్. మార్చడానికి ఏమీ లేదు. ఫ్లాష్ వెలుగు మూడు మీటర్ల దాకా పోతుంది, అంతే. అందుకే ఆ రాత్రి ఫొటోల్లో ముందు బంపర్ తెల్లగా వెలిగిపోతుంటుంది, వెనక తలుపు నుంచి అంతా చీకటి. 32 మి.మీ. లెన్సుతో అంత దగ్గరికి వెళ్తే ముందు భాగం ఉబ్బినట్టు కనిపిస్తుంది కూడా. అలాంటి ఫొటో చూసి వెడల్పు ఫెండర్లు వేయించారని పొరపడినవాళ్లు ఉన్నారు.

నంబర్ ప్లేటు ఇంకా మంచి సాక్షి. జపాన్ ప్లేటు మీద ఊరి పేరు పక్కన ఉండే చిన్న అంకెలు బండి తరగతిని చెబుతాయి. 3తో మొదలైతే పెద్ద కారు, 5తో మొదలైతే చిన్న కారు. వెడల్పు 1.7 మీటర్లు గానీ, ఇంజన్ 2000 సీసీ గానీ దాటితే 3. ఆ అంకెలు రెండే ఉంటే, అంటే 33 అనో 55 అనో ఉంటే, ఆ ప్లేటు తొంభైలు ముగిసేలోపు ఇచ్చినది. 300, 500 అని మూడు అంకెలు మొదలైంది 1998–99లో. కాబట్టి రెండంకెల ప్లేటు ఉన్న ఆర్32, అంటే 1989లో వచ్చిన తరం స్కైలైన్ (తర్వాతివి ఆర్33, ఆర్34) కనిపిస్తే, అది అప్పటినుంచీ అదే ప్రాంతంలో రిజిస్టరై ఉన్న బండి అనుకోవచ్చు. నిస్సాన్ సిల్వియా కథ మొత్తం ఈ అంకెలోనే ఉంది. వరసగా వచ్చిన దాని తరాల్లో ఎస్13 వెడల్పు 1690 మి.మీ., చిన్న కారు. ఎస్14ని 1730 చేసేసరికి పెద్ద కార్ల తరగతిలో పడింది, కుర్రాళ్లు మొహం తిప్పుకున్నారు. ఎస్15ని మళ్లీ 1695కి తెచ్చారు. ఎస్14 నిజానికి ఎస్13 కంటే గట్టి బాడీ, వెనక సస్పెన్షన్ మెరుగు. హద్దు దాటిన ఆ 30 మిల్లీమీటర్ల వల్ల దానికి అన్యాయం జరిగిందనే అంటాను.

రాత్రి ఫొటోల్లో వెనక సుడి తిరిగిన ఫ్లైఓవర్లు కనపడితే అది డైకోకు. యోకోహామా దగ్గర సముద్రం పూడ్చిన నేల మీద, వాంగన్ అని పిలిచే తీరం ఎక్స్‌ప్రెస్‌వే కలిసే చోట ఉన్న పార్కింగ్ ఏరియా. పక్కనే ఉన్న యోకోహామా బే బ్రిడ్జిని 1989 సెప్టెంబరులో తెరిచారు. దానికి ఒక్క నెల ముందు ఆర్32లో అన్నిటికంటే బలమైన రకం, జీటీ-ఆర్, అమ్మకానికి వచ్చింది. రోడ్డూ బండీ కలిసి పుట్టినట్టు.

అక్కడి నారింజ రంగు దీపాల కింద తీసిన ఫొటోల్లో బండి రంగు నమ్మకూడదు. సోడియం దీపం వెలుగులో ఒకే రంగు దండిగా ఉంటుంది, మిగతావి దాదాపు ఉండవు. లేని రంగుని కంప్యూటర్‌లో ఎంత దిద్దినా తెప్పించలేం. ఆర్34 బేసైడ్ బ్లూ ఆ వెలుగులో బూడిద రంగు, మిడ్‌నైట్ పర్పుల్ అయితే కాఫీ డికాక్షన్. అందుకే తెలిసినవాళ్లు బండి ఫొటోతో పాటు బానెట్ కింద ఉండే రేకు ఫొటో కూడా పెట్టేవాళ్లు. దాని మీద ఛాసిస్ కోడ్, ఇంజన్, రంగు కోడ్ ఉంటాయి. టీవీ2 అని ఉంటే బేసైడ్ బ్లూ. కేహెచ్2 అంటే ఆర్32కి బాగా నప్పే గన్ గ్రే. ఛాసిస్ కోడ్ బీఎన్ఆర్32 అయితే అసలైన జీటీ-ఆర్. హెచ్‌సీఆర్32 అయితే వెనక చక్రాలు మాత్రమే తిరిగే జీటీఎస్-టీ, పైన జీటీ-ఆర్ వేషం. రేకు దగ్గరికి వెళ్లలేకపోతే అయస్కాంతం చాలు. ఆర్32 జీటీ-ఆర్ బానెట్, ముందు ఫెండర్లు అల్యూమినియం, అంటుకోదు.

ఇక జీటీ-ఆర్ ఇంజన్ ఫొటో. ఒక్క ఆర్‌బీ26 ఫొటో మీద గంటల తరబడి మాట్లాడుకున్న రోజులున్నాయి. వరసగా ఆరు సిలిండర్లు, 2568 సీసీ, ఇంజన్‌లోకి గాలిని తోసే రెండు టర్బోలు, ఒక్కో సిలిండర్‌కి ఒక్కో థ్రాటిల్. కాగితం మీద 280 పీఎస్. 1989 నుంచి 2004 దాకా జపాన్ కంపెనీలన్నీ ఒక మాట మీద ఉండి అంతకు మించి ప్రకటించలేదు. ఆర్32 అదే కాలంలో జపాన్ టూరింగ్ కార్ పోటీల్లో 1990 నుంచి 1993 వరకు దిగిన 29 రేసులూ గెలిచింది. ఆస్ట్రేలియా బాథర్స్ట్‌లో 1991, 1992 రెండేళ్లూ గెలిచింది. అక్కడివాళ్లు దాన్ని గాడ్జిల్లా అనేవాళ్లు. ఆ ఇనుప దిమ్మెలో ఎంత దాచి ఉంచారో అందరికీ తెలుసు. తీయడం ఎలా అన్నదే చర్చ.

మొదటి మెట్టు పైసా ఖర్చు లేనిది. టర్బో ప్రెజర్‌ని అదుపు చేసే సోలనాయిడ్‌కి వెళ్లే సన్నని రబ్బరు గొట్టాల్లో ఒకదాని మీద పసుపు గుర్తు ఉంటుంది. ఆ గొట్టం లోపల చిన్న రంధ్రం ఉన్న లోహపు గింజ ఒకటి ఇరికించి ఉంటుంది. గింజ తీసేసి గొట్టం మళ్లీ పెడితే బూస్ట్, అంటే ఆ టర్బో ప్రెజర్, ఇంచుమించు 0.75 బార్ నుంచి 0.9–1.0 బార్ దాకా పెరుగుతుంది. బండి స్వభావమే మారిపోతుంది. ఆగాల్సింది కూడా అక్కడే.

ఎందుకంటే ఆర్32, ఆర్33ల కంపెనీ టర్బోల్లో ఎగ్జాస్ట్ వైపు చక్రం సెరామిక్‌ది. తేలిక కాబట్టి త్వరగా తిరుగుతుంది. కానీ ఆ సెరామిక్‌ని ఉక్కు కడ్డీకి అతికించి ఉంటుంది. బూస్ట్ 1 బార్ దాటిస్తే వేడికీ వేగానికీ ఆ అతుకు వదిలేస్తుంది. చక్రం ఊడి కిందికి పోతే పొగని శుద్ధి చేసే క్యాటలిస్ట్‌లో ఇరుక్కుంటుంది, అది అదృష్టం. ముక్కలైతే ఎగ్జాస్ట్ వాల్వులు తెరుచుకున్న క్షణాల్లో వెనక్కి సిలిండర్‌లోకి పీల్చుకునే ప్రమాదం కూడా ఉంది, అప్పుడు ఇంజన్ మొత్తం విప్పాలి. అందుకే ఇంజన్ ఫొటోలో బూస్ట్ కంట్రోలర్ కనిపించగానే అందరి మొదటి ప్రశ్న ఒకటే: టర్బోలు మార్చారా? హెచ్‌కేఎస్ కంపెనీ జీటీ-ఎస్ఎస్ టర్బోలు అంటే ఊపిరి పీల్చుకునేవాళ్లు. పాత చోటే బిగించుకోవచ్చు, చక్రం లోహానిది, కింది ఆర్‌పీఎమ్‌లో లాగుడు పోదు. అదే కంపెనీ పెద్ద టర్బోలు 2530లు అంటే పెద్ద పవర్ మీద కన్నేశారని అర్థం. వాటితో పాటు ఇంజెక్టర్లు, పెట్రోలు పంపు, ఎయిర్‌ఫ్లో మీటర్లు, క్లచ్ అన్నీ మార్చాల్సి వస్తుంది. ఫొటోలో ఆ జాబితా లేకుండా 2530లు మాత్రమే కనిపిస్తే బండి త్వరలో ఆగిపోతుందని అనుకునేవాళ్లు, తరచూ అలాగే అయ్యేది.

బూస్ట్ పెంచినప్పుడు స్పార్క్ ప్లగ్గు సంగతి మర్చిపోతారు. కంపెనీ ప్లగ్గు సందు 1.1 మి.మీ. ఎన్‌జీకే పేరు చివర 11 అని ఉండేది అదే. ఒత్తిడి పెరిగితే అంత సందులో నిప్పురవ్వ ఆరిపోతుంది, పై ఆర్‌పీఎమ్‌లో బండి దగ్గుతుంది. కాయిల్స్ పోయాయనుకుని కొత్తవి కొనేస్తారు. ముందు సందు 0.8కి తగ్గించి, ఒక మెట్టు చల్లని ప్లగ్గు, అంటే 6 బదులు 7 వేసి చూడాలి. అప్పటికీ దగ్గితే కాయిల్స్ మీద సన్నని పగుళ్లు వెతకాలి.

యాక్సిలరేటర్ వదలగానే టర్బో గాలిని బయటికి వదిలే బ్లో-ఆఫ్ వాల్వ్ గురించి జరిగినన్ని వాదనలు ఇంక దేని గురించీ జరగలేదు. హెచ్‌కేఎస్ ఎస్ఎస్‌క్యూవీ చేసే ఆ పిట్ట కూత కోసం అందరూ పెట్టేవాళ్లు. ఆర్‌బీ26 గాలిని రెండు ఎయిర్‌ఫ్లో మీటర్లతో కొలుస్తుంది. కొలిచిన గాలిని వాల్వ్ బయటికి వదిలేస్తే ఆ విషయం కంప్యూటర్‌కి తెలియదు. లేని గాలికి పెట్రోలు పోస్తుంది. గేరు మార్చినప్పుడల్లా నల్ల పొగ, సిగ్నల్ దగ్గర ఆగేసరికి ఇంజన్ ఆగిపోవడం. దానికి మందు ఆ గాలిని మళ్లీ టర్బో ముందుకు కలిపే పైపు. లేదా మీటర్లు తీసేసి ప్రెజర్ సెన్సర్‌తో నడిచే ఇంజన్ కంప్యూటర్, అపెక్సి కంపెనీ పవర్ ఎఫ్‌సీ డీ-జెట్రో. పవర్ ఎఫ్‌సీకి చేతిలో పట్టేంత చిన్న తెర ఒకటి ఉండేది, కమాండర్ అనేవాళ్లు. దాని ఫొటో పెడితే వంద మాటల పెట్టు. ఇంజెక్టర్ డ్యూటీ 90 శాతం దాటి కనిపించిందా, పెట్రోలు ఇక పెరగదు, బూస్ట్ ముట్టుకోవద్దని అర్థం.

ఆయిల్ విషయం ఫొటోలో కనపడదు గానీ ఆయిల్ క్యాచ్ ట్యాంక్ కనపడుతుంది. ఎక్కువ ఆర్‌పీఎమ్‌లో ఆర్‌బీ26 పైకి, హెడ్‌లోకి, కావలసిన దానికంటే ఎక్కువ ఆయిల్ పంపుతుంది. అది అంతే వేగంగా కిందికి దిగలేదు. సర్క్యూట్‌లో పొడవాటి మలుపులో సంప్, అంటే కింది ఆయిల్ తొట్టి, ఖాళీ అయి బేరింగులు ఎండిపోతాయి. ఇంజన్ విప్పినప్పుడు హెడ్‌కి వెళ్లే దారిలో సన్నని రెస్ట్రిక్టర్ పెట్టడం, హెడ్ వెనకనుంచి సంప్‌కి ఇంకో పైపు వేయడం, సంప్‌లో అడ్డుగోడలు పెట్టడం, ఈ మూడూ కలిసి చేయాలి. మొదటి ఆర్32ల్లో ఇంకో లోపం ఉంది. క్రాంక్ ముక్కు మీద ఆయిల్ పంపుని తిప్పే చదునైన భాగం మరీ పొట్టి. ఆర్‌పీఎమ్ హద్దుకి పదేపదే తగిలిస్తే పంపు గేరు పగిలిపోతుంది. క్రాంక్ బయటికి తీసినప్పుడు అక్కడ పొడవాటి కాలర్ వేయించకపోతే ఆ పని సగమే.

ఇక చక్రాలు. ఫొటోలో చివరికి వచ్చేవీ, అందరూ ఎదురుచూసేవీ అవే. రేస్ (RAYS) అనే చక్రాల కంపెనీ వాళ్ల వోల్క్ టీఈ37 ఆరు ఊచలతో ఎంత దూరం నుంచైనా తెలుస్తుంది. 1996లో వచ్చింది. 15 అంగుళాల చక్రం 3.7 కిలోలు తూగింది కాబట్టి ఆ పేరు. కానీ చక్రం పేరు కంటే ముఖ్యం దాని వెడల్పు, ఆఫ్‌సెట్, అంటే చక్రం వెడల్పు నడిమి గీత నుంచి హబ్‌కి బిగించే ముఖం ఎన్ని మి.మీ. బయటికి ఉందో ఆ లెక్క. ఆ లెక్క నేర్పింది కూడా ఫొటోల కింద రాసిన చిన్న అంకెలే.

ఆర్32 కంపెనీ చక్రం 16 అంగుళాలు, 8జే (8 అంగుళాల వెడల్పు), ఆఫ్‌సెట్ +30. ఆర్33ది 17 అంగుళాలు, 9జే, +30. ఆఫ్‌సెట్ ఒకటే, వెడల్పు ఒక అంగుళం పెరిగింది. అంగుళం అంటే 25.4 మి.మీ. అందులో సగం, 12.7 బయటికి, 12.7 లోపలికి. అదే 9జే +17 అయితే బయటికి 12.7తో పాటు ఇంకో 13 కలిసి దాదాపు 26 మి.మీ. జరుగుతుంది, లోపలి అంచు దాదాపు ఉన్నచోటే ఉంటుంది. షాకబ్జార్బర్‌కి తగులుతుందా, ఫెండర్‌కి తగులుతుందా అన్నది ఈ రెండు కూడికల్లో తేలిపోతుంది. చక్రం కొని తెచ్చాక తెలుసుకోవాల్సిన పని కాదు. చక్రానికి చోటు కోసం ఫెండర్ లోపలి అంచు మడిచేటప్పుడు హీట్ గన్‌తో పెయింట్‌ని వేడి చేస్తూ కొంచెం కొంచెంగా మడవాలి. చల్లగా ఉన్నప్పుడు మడిస్తే పెయింట్ బీటలు వారుతుంది, మొదటి వానాకాలానికే తుప్పు లేస్తుంది.

టైరు దగ్గర ఇంకా జాగ్రత్త. ఆర్32 కంపెనీ టైరు 225/50ఆర్16, వ్యాసం 631 మి.మీ. ఆర్33 టైరు 245/45ఆర్17 అలాగే తెచ్చి వేస్తే 652 అవుతుంది, మీటర్ తప్పు చూపిస్తుంది, ఫెండర్‌కి రాసుకుంటుంది. 245/40ఆర్17 వేస్తే 628, సరిపోయింది. నాలుగూ ఒకే సైజు, ఒకే కంపెనీ, ఒకే అరుగుదల ఉండాలి. ముందు వెనక వ్యాసాల్లో తేడా ఉంటే నాలుగు చక్రాలకీ బలం పంచే అటెస్సా వ్యవస్థ వెనక చక్రాలు జారుతున్నాయనుకుని ముందు చక్రాలకి బలం పంపుతూనే ఉంటుంది. ట్రాన్స్‌ఫర్ కేసులో క్లచ్ ప్లేట్లు కాలిపోతాయి. ఫొటోలో ముందు ఒక బ్రాండు, వెనక ఒక బ్రాండు టైరు కనిపించిన జీటీ-ఆర్‌ని ఎంత మెరుస్తున్నా కొనొద్దని చెప్పేవాళ్లు.

బండి కిందికి దించడం గురించి ఒకటే మాట. జపాన్ తనిఖీ, షాకెన్ అంటారు, కొత్త కారుకి మూడేళ్లకి, ఆ తర్వాత రెండేళ్లకోసారి. నేల నుంచి 9 సెం.మీ. ఎత్తు ఉండి తీరాలి. అందుకే అక్కడి మంచి బండ్ల ఫొటోల్లో ఆ ఎత్తు కొలిచినట్టు సరిగ్గా ఉంటుంది. కొత్త షాకబ్జార్బర్లు వేశాక అందరూ చేసే తప్పు, బండి జాకీ మీద ఉండగానే బుష్ బోల్టులు బిగించేయడం. చక్రాలు వేలాడుతున్న స్థితిలో రబ్బరు బిగుసుకుపోతుంది. బండి దించగానే మెలితిరుగుతుంది. కొన్ని నెలలకి చిరిగిపోతుంది. చేతి బిగువు మాత్రమే ఇచ్చి, బండిని నేలమీదికి దించి, నాలుగు అడుగులు ముందుకు వెనక్కి కదిపి, అప్పుడు పూర్తిగా బిగించాలి. బండి ఎంత దిగిందో చూసుకునేటప్పుడు ఎత్తు కొలిచేది హబ్ మధ్య నుంచి ఫెండర్ అంచు దాకా, నేల నుంచి కాదు. నేల నుంచి కొలిస్తే టైరు గాలి కూడా లెక్కలోకి వస్తుంది.

ఆర్ఎక్స్-7 ఎఫ్‌డీ ఫొటోలు వేరే లోకం. 1991 నుంచి 2002 దాకా వచ్చిన ఆ బండి అందానికి సాటి వచ్చే జపాన్ కారు ఇప్పటికీ లేదు. పిస్టన్ల బదులు గిర్రున తిరిగే రెండు రోటర్లు, ఒక్కోటి 654 సీసీ, ఒకదాని తర్వాత ఒకటి మేలుకునే రెండు టర్బోలు. మొదటిది కింద నుంచీ పనిచేస్తుంది, 4500 ఆర్‌పీఎమ్ దగ్గర రెండోది కలుస్తుంది. ఈ కలిపే పని చేయడానికి ఇన్‌టేక్ కింద సన్నని వ్యాక్యూమ్ గొట్టాల కుప్ప, సోలనాయిడ్ల వరస. ఎలక గూడు అనేవాళ్లు. రోటరీ వేడికి ఆ గొట్టాలు గట్టిపడి, సేమ్యా పుల్లల్లా విరుగుతాయి. ఒక్కటి ఊడినా రెండో టర్బో రాదు. బూస్ట్ గేజీలో 10 పీఎస్ఐ, కలిసేచోట 8కి దిగి, మళ్లీ 10కి రావాలి. ఈ మూడు అంకెలు చూపించే గేజీ వీడియో లేకుండా ఎఫ్‌డీ అమ్ముతున్నానంటే నమ్మకూడదు. గొట్టాలు మార్చేటప్పుడు ఒక్కోటి తీసి, అదే క్షణంలో దాని స్థానంలో సిలికాన్ గొట్టం పెట్టాలి. అన్నీ ఒకేసారి పీకేస్తే మళ్లీ కలపడం బ్రహ్మతరం కాదు. పీకేముందు నాలుగు వైపుల నుంచీ ఫొటోలు తీయడం అప్పుడే అలవాటయింది.

ఎఫ్‌డీకి పెద్ద సైలెన్సర్, క్యాటలిస్ట్ తీసేసిన పైపు, ఈ రెండూ వేసి మిగతాది వదిలేయడం ఎక్కువ ఇంజన్లని చంపింది. ఎగ్జాస్ట్ దారి సాఫీ అయితే, టర్బోకి ఎక్కువైన పొగని పక్కకి మళ్లించే కంపెనీ వేస్ట్‌గేట్ ఆ ధాటిని వదిలించుకోలేదు. అడగకుండానే బూస్ట్ పైకి పాకుతుంది. పెట్రోలు చాలదు, నాకింగ్, అంటే మిశ్రమం వేళకాని వేళ పేలడం, మొదలవుతుంది. పిస్టన్ ఇంజన్ అయితే కాస్త ఓర్చుకుంటుంది. రోటర్ కొసన ఉండే ఏపెక్స్ సీలు 2 మి.మీ. మందం, అది ఓర్చుకోదు. విరిగి ఎగ్జాస్ట్ గుండా పోతూ టర్బో చక్రాన్ని కూడా కొట్టి పోతుంది. కంప్యూటర్ ట్యూనింగ్ ముందు, సైలెన్సర్ తర్వాత, ఈ వరస ఎఫ్‌డీ విషయంలో మార్చకూడదు.

కంప్రెషన్ పరీక్ష మామూలు గేజీతో చేస్తే మోసపోతారు. రోటర్‌కి మూడు ముఖాలు, గేజీ వాటిలో పెద్ద అంకెనే పట్టుకుంటుంది. గేజీలోని చిన్న వాల్వ్ తీసేసి, సూది కొట్టుకోవడం చూడాలి. మూడు దెబ్బలూ సమానంగా పడాలి. రోటరీకని చేసిన పరికరం అయితే ముఖానికో అంకె ఇస్తుంది, 250 ఆర్‌పీఎమ్ దగ్గర చదరపు సెంటీమీటరుకి 8.5 కిలోలు మంచిది, 7 దిగితే విప్పడమే. చల్లటి ఇంజన్ స్టార్ట్ చేసి బండిని రెండు గజాలు జరిపి ఆపేయడం కూడా చేయొద్దు. రోటర్ గదుల్లో పెట్రోలు నిలిచిపోయి మళ్లీ స్టార్ట్ కాదు. అలా అయితే పెట్రోలు పంపు ఫ్యూజు పీకి, ప్లగ్గులు తీసి, ఇంజన్ తిప్పి ఆరబెట్టి, ప్లగ్గు రంధ్రాల్లో కొద్దిగా ఆయిల్ వేసి మళ్లీ బిగించాలి. బిగించేటప్పుడు కింద ప్లగ్గు 7, పై ప్లగ్గు 9, తారుమారు కాకూడదు.

మిగతావాటి గురించి పొడిపొడిగా చెబుతాను. సిల్వియా ఎస్ఆర్20 ఇంజన్‌లో తప్పు గేరు పడి ఆర్‌పీఎమ్ హద్దు దాటితే రాకర్ ఆర్మ్ జారిపోతుంది, స్టాపర్లు వేసుకోవడం చవకైన బీమా. లాన్సర్ ఎవో 4జీ63 ఇంజన్‌లో టైమింగ్ బెల్టు మార్చి బ్యాలెన్స్ షాఫ్ట్ చిన్న బెల్టుని వదిలేస్తే, అది తెగి పెద్ద బెల్టు కిందికి పోయి వాల్వులు వంచేస్తుంది. సుప్రా 2జేజెడ్ ఇంజన్‌ని దేవుడిలా కొలుస్తారు, నిజమే, కానీ క్రాంక్ పుల్లీలోని రబ్బరు వదిలి బయటి రింగు జారుతుంది. పుల్లీ మీద సుద్దతో ఒక గీత గీసి నెల తర్వాత చూస్తే తెలిసిపోతుంది. సివిక్ టైప్ ఆర్, ఇంటెగ్రా టైప్ ఆర్ ఇంజన్ ఫొటోలో వీటెక్ సోలనాయిడ్ కింద ఆయిల్ తడి కనిపిస్తే గాస్కెట్ పోయిందంతే, ఇంజన్ కాదు. వాల్వ్ సందు ఇంజన్ పూర్తిగా చల్లారాకే చూడాలి, ఇన్‌టేక్ 0.15–0.19, ఎగ్జాస్ట్ 0.17–0.21 మి.మీ.

ఫొటో తీయడంలోనూ పద్ధతి ఉండేది. ముందు చక్రాన్ని తిప్పినప్పుడు దాని ముఖం కెమెరా వైపు ఉండాలి, టైరు నడుం కాదు. మోకాలు వంచి హెడ్‌లైటు ఎత్తులో కూర్చుని, వెనక్కి జరిగి 50 మి.మీ. పైన ఉన్న లెన్సుతో తీస్తే బండి తన అసలు ఆకారంలో వస్తుంది. కదిలే బండిని 60వ వంతు సెకనుకి, కెమెరాని బండితో పాటు తిప్పుతూ తీస్తే చక్రాలు తిరుగుతాయి, బండి నిలుస్తుంది. 500వ వంతుకి తీస్తే రోడ్డు మీద పార్క్ చేసినట్టే ఉంటుంది. ఇంజన్ ఫొటోకి మబ్బు పట్టిన రోజు మేలు. ఫ్లాష్ వేస్తే మెరిసే పైపులు తప్ప ఏదీ కనపడదు. విడి భాగం ఫొటో తీస్తే పక్కన ఒక యెన్ నాణెం పెట్టడం మంచి ఉపాయం, దాని వ్యాసం సరిగ్గా 20 మి.మీ., బరువు సరిగ్గా ఒక గ్రాము. ప్లగ్గు ఫొటో పగటి వెలుగులో, తెల్లటి పింగాణీ మొదలుదాకా కనిపించేలా తీయాలి. ట్యూబ్‌లైటు కింద తీసిన ప్లగ్గు రంగు చూసి మిశ్రమం సరిగ్గా ఉందని చెప్పేవాళ్ల మాట వినొద్దు. డైనో (పవర్ కొలిచే యంత్రం) కాగితం ఫొటో అయితే పవర్ అంకె ఒక్కటే కత్తిరించి పెడితే దండగ. బూస్ట్ గీత, గాలి-పెట్రోలు నిష్పత్తి గీత కూడా ఉండాలి.

అమెరికాలో పాతికేళ్లు దాటిన కారుని తెచ్చుకోనిస్తారు. 2014లో ఆర్32ల వంతు వచ్చింది, 2024లో మొదటి ఆర్34 జీటీ-ఆర్‌లది. అక్కడున్న మనవాళ్లలోనూ ఆనాటి ఫ్లాపీ బొమ్మలు మర్చిపోనివాళ్లున్నారు. ఇప్పుడు వేలంలో పెట్టిన బండికి వంద ఫొటోలు ఒక్క క్షణంలో తెరుచుకుంటాయి. అందులో తొంభై సూర్యాస్తమయంలో నిలబెట్టిన బండివే. కొనేముందు అడగాల్సినవి వేరే ఉన్నాయి. జాకీ పెట్టే చోట్ల అంచులు, వెనక చక్రాల తోరణాల లోపలి వైపు, ఆర్34 అయితే ముందు స్ట్రట్ టవర్లు, నాలుగు టైర్ల పక్క గోడల మీది సైజు, తయారీ వారం. ఇవన్నీ అయ్యాక బానెట్ ఎత్తి, పసుపు గుర్తున్న ఆ సన్నని గొట్టం దగ్గరి ఫొటో ఒకటి. బండి ఎదురుగా ఉంటే ఫొటో కూడా అక్కర్లేదు. గొట్టాన్ని రెండు వేళ్ల మధ్య పట్టుకుని ఈ కొస నుంచి ఆ కొసకి నొక్కుతూ వెళ్లండి. మధ్యలో ఎక్కడో చింతగింజలా గట్టిగా తగిలితే, ముప్ఫై ఏళ్లుగా అక్కడ ఎవరూ చెయ్యి పెట్టలేదన్నమాట.